దత్తత బిడ్డతో ఢిల్లీలో ఆఖరి వారం: ఎక్కడ దిగాలి, దేనికి ఎన్ని రోజులు

అమెరికా పౌరసత్వం ఉన్న తెలుగు దంపతులు ఇక్కడి శిశుగృహ నుంచి బిడ్డను దత్తత తీసుకుంటే, హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఎంత పని పూర్తయినా చివరికి ఢిల్లీ ఎక్కాల్సిందే. వీసా పని చాణక్యపురిలోని అమెరికా ఎంబసీలో ఉంటుంది. నాలుగు రోజుల్లో ముగించుకుందామని తిరుగు టికెట్లు కొనేసినవాళ్లే ఎక్కువ నష్టపోతారు. పది పనిదినాలు చేతిలో ఉంచుకోండి. ఎంబసీకి మన సెలవులూ ఉంటాయి, అమెరికా సెలవులూ ఉంటాయి. రెండు క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

బయల్దేరే ముందే కాగితాల మీద అక్షరాలు సరిచూసుకోండి. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు ఇస్తున్నది కోర్టు కాదు, జిల్లా కలెక్టర్. ఆ ఉత్తర్వు, కారా (దత్తతలు చూసే కేంద్ర సంస్థ) ఇచ్చిన ఎన్ఓసీ, దేశాల మధ్య దత్తతలపై ఉన్న హేగ్ ఒప్పందం 23వ అధికరణ కింద, దత్తత ఆ ఒప్పందం ప్రకారమే జరిగిందని ఇచ్చే కన్ఫర్మిటీ సర్టిఫికెట్, కొత్త జనన ధ్రువపత్రం, పాస్‌పోర్ట్... ఈ అయిదింట్లో పేరు, పుట్టిన తేదీ ఒక్కలాగే ఉండాలి. ఒకచోట ‘లక్ష్మి’కి చివర ఐ, ఇంకోచోట వై పడితే ఢిల్లీలో దిద్దేవాళ్లు ఉండరు. మళ్లీ జిల్లాకే పోవాలి. మనవాళ్లు తరచూ చేసే పొరపాటు ఇంకోటుంది. పాస్‌పోర్ట్ దరఖాస్తులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తారు. అప్పుడు అమెరికా వీసాలో పాప పేరు ఇంటిపేరు స్థానంలోకి పోయి, అసలు పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతుంది. అంటే పేరు తెలియదని. దరఖాస్తు నాడే రెండు గడులూ నింపించండి.

వారమంతా లాగేది వీసా కోసం బిడ్డకు చేయించే మెడికల్ పరీక్ష. ఎంబసీ గుర్తించిన ప్యానెల్ డాక్టర్ల దగ్గర మాత్రమే చేయించాలి, ఊళ్లోని పిల్లల డాక్టర్ రాసిచ్చింది చెల్లదు. రెండేళ్లలోపు పిల్లలకు సాధారణంగా ఒంటి పరీక్షతో సరిపోతుంది. 2 నుంచి 14 ఏళ్ల వాళ్లకు క్షయ కోసం ఇగ్రా అనే రక్తపరీక్ష తప్పనిసరి. మన పిల్లలకు పుట్టగానే వేసే బీసీజీ టీకా వల్ల చర్మపరీక్ష తప్పుగా పాజిటివ్ చూపించవచ్చు, ఇగ్రాకు ఆ గొడవ లేదు. ల్యాబుల్లో ఎక్కువగా వాడే పద్ధతిలో నాలుగు చిన్న గొట్టాల్లోకి ఒక్కో మిల్లీలీటరు రక్తం తీసి, 16 నుంచి 24 గంటలు వెచ్చగా ఉంచి, ఆ తర్వాతే చూస్తారు. గొట్టం సరిగ్గా కలపకపోయినా, ల్యాబుకు ఆలస్యంగా చేరినా ‘తేలలేదు’ అని వచ్చి మళ్లీ సూది గుచ్చాల్సి వస్తుంది. అందుకే శుక్రవారం మధ్యాహ్నం రక్తం ఇవ్వకండి. సోమవారం పొద్దున్నే వెళ్లండి. పాజిటివ్ వస్తే ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. అందులో అనుమానం ఉంటే కఫం మూడు రోజులు ఇవ్వాలి, ల్యాబులో క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్ ఫలితానికి 8 వారాల దాకా పట్టవచ్చు. పాజిటివ్ అన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. కానీ తిరుగు టికెట్ మార్చుకునే వీలున్నదే కొనమని చెప్పేది ఇందుకే. టీకాల విషయంలో పదేళ్లలోపు దత్తత పిల్లలకు మినహాయింపు ఉంది. అమెరికా చేరిన 30 రోజుల్లో వేయిస్తామని అఫిడవిట్ ఇస్తే చాలు, ఒకేరోజు నాలుగు సూదులు పొడిపించక్కర్లేదు.

ఇక బస. ఎయిర్‌పోర్టు పక్కన ఏరోసిటీ హోటళ్లు శుభ్రం, నిశ్శబ్దం. మెట్రోలో ధౌలా కువాన్ ఒక్క స్టేషన్ దూరమే, అక్కడి నుంచి చాణక్యపురికి ఆటో. అయితే గదులు పిల్లలకు కుదరవు. గాజు గోడల బాత్రూమ్, నెత్తిమీద షవర్. శిశుగృహలో బకెట్టు, చెంబుతో పోసుకున్న బిడ్డ ఆ షవర్ శబ్దానికే హడలిపోతుంది. బకెట్టు అడగండి, ఇస్తారు. పరుపు ఎత్తుగా ఉంటే మంచాన్ని గోడకు జరిపించండి. చాణక్యపురిలోని పెద్ద హోటళ్లు ఎంబసీకి దగ్గరే కానీ, ఎంబసీకి వెళ్లేది ఒక్కసారో రెండుసార్లో. ఆ దగ్గరితనానికి అంత డబ్బు దండగ. సఫ్దర్‌జంగ్ ఎన్‌క్లేవ్, గ్రీన్ పార్క్ వైపు వంటగది ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్లే మా ఓటు. శిశుగృహలో పిల్లలు పెందలాడే తినేసి పడుకుంటారు, హోటల్లో ఆ వేళకు బఫే తెరిచి ఉండదు. చిన్న కుక్కర్, కిలో బియ్యం, పావుకిలో కందిపప్పు ఉంటే ఏడింటికి ముందే పప్పన్నం కలిపి పెట్టొచ్చు. ఒక్క జాగ్రత్త: విదేశీ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు దిగితే 24 గంటల్లో ఫారం-సి (విదేశీయులు దిగారని ప్రభుత్వానికి తెలిపే ఫారం) నమోదు చేయాల్సింది బస ఇచ్చినవాళ్లే. ‘అదేంటి సార్’ అన్న ఓనర్ దగ్గర దిగకండి.

ఇంటర్వ్యూ రోజు ఫోన్లు లోపలికి రానివ్వరు, అక్కడ దాచే ఏర్పాటూ ఉండదు. కారు డ్రైవర్ దగ్గర వదిలేస్తే బయటికొచ్చాక అతణ్ని పిలిచే దారి ఉండదు కాబట్టి, ఏ చెట్టు కింద ఆగాలో ముందే చెప్పుకోండి. వీసా చేతికొచ్చాక కౌంటర్ దగ్గరే పాస్‌పోర్ట్ నంబరు, పుట్టిన తేదీ, స్పెల్లింగ్, ఐహెచ్-3 (ఇక్కడే దత్తత పూర్తయిన బిడ్డకిచ్చే వీసా రకం) అన్న మాట ఒక్కొక్కటీ వేలు పెట్టి చదవండి. సీలు వేసిన కవరు ఇస్తే విప్పకండి.

ఖాళీ రోజుల్లో ఎర్రకోట, తాజ్‌మహల్ పెట్టుకోకండి. పది రోజుల కిందట పరిచయమైన అమ్మానాన్నలతో ఎండలో క్యూ కట్టడం ఏ బిడ్డకూ సరదా కాదు. నెహ్రూ పార్కు చాలు. చాణక్యపురిలోనే ఉన్న రైల్ మ్యూజియంలో బొమ్మరైలు ఉంది, సోమవారం సెలవు. ఇండియా గేట్ దగ్గర ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కు మాత్రం ఒకసారి తీసుకెళ్లండి. హిందీ ముక్క రాక బిక్కచచ్చిన పిల్లలు అక్కడ చుట్టూ తెలుగు వినబడగానే కంచం ముందుకు జరుపుకుంటారు. ఆదివారం బిరియానీకి జనం విపరీతం, మామూలు రోజు పదకొండున్నర దాటగానే చేరండి.

డిసెంబరు, జనవరుల్లో పొగమంచుకు విమానాలు తరచూ ఆలస్యమవుతాయి. మధ్యలో విమానం మారేట్టయితే ట్రాన్సిట్ నియమాలు పాప పాస్‌పోర్ట్‌ను బట్టి చూడాలి, తనది ఇంకా ఇండియా పాస్‌పోర్టే. అమెరికాలో దిగిన మొదటి ఎయిర్‌పోర్టులో వీసా కాగితాలు చూడటానికి వేరే గదికి పంపుతారు. అక్కడ తర్వాతి విమానానికి మూడు గంటలకు తక్కువ వ్యవధి పెట్టుకోకండి. ఐహెచ్-3 మీద పౌరులైన తల్లిదండ్రులతో ఉండటానికి ప్రవేశించిన 18 ఏళ్లలోపు బిడ్డకు ఆ ప్రవేశంతోనే పౌరసత్వం వస్తుంది. సర్టిఫికెట్ విడిగా దరఖాస్తు చేయకుండానే పోస్టులో ఇంటికి వస్తుంది. అందుకే వీసా దరఖాస్తు అయిన డీఎస్-260 ఫారంలో రాసే అమెరికా చిరునామాలో అపార్ట్‌మెంట్ నంబరు మరవకండి.