పోర్చుగీసు చదవడానికి పోర్చుగల్ మేలా, బ్రెజిల్ మేలా?

పాలు అనే మాటను రెండు దేశాల్లోనూ ఒకే స్పెల్లింగుతో రాస్తారు. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో అది ‘లైత్’ అని చివర తెగిపోతుంది. బ్రెజిల్ నగరం సావ్ పావ్లోలో ‘లేచి’ అని అచ్చుతో ముగుస్తుంది. అనంతపురం, కర్నూలు, కడప నుంచి పోర్చుగీసు చదువుకు బయల్దేరేవారికి మొదటి చిక్కు ఇక్కడే. మనది అజంత భాష. మాట చివర అచ్చు వినబడకపోతే మన చెవికి మాట పూర్తయినట్టే ఉండదు. బ్రెజిల్ ఉచ్చారణ మనకు తొందరగా పట్టుబడేది అందుకే. పోర్చుగల్‌లో ఒత్తిపలకని అచ్చులను మింగేస్తారు. ‘చిన్న’ అనడానికి బ్రెజిల్‌లో ‘పెకేను’ అంటే, పోర్చుగల్‌లో ‘ప్కేను’ అంటారు. ఫోన్ యాప్‌లలో చాలావరకు నేర్పేది బ్రెజిల్ పోర్చుగీసే. ఆరు నెలలు యాప్‌తో కష్టపడి లిస్బన్‌లో దిగినవారు ఎదుటిమనిషి మాట అందక బిత్తరపోతారు. తప్పు వాళ్లది కాదు, వాళ్ల చెవి వేరే దేశానికి అలవాటు పడింది.

అయినా సున్నా నుంచి మొదలుపెట్టేవారికి మా ఓటు పోర్చుగల్‌కే. కారణం అక్కడ చదువు నడిచే తీరు. 1290లో పుట్టి, 1537 నుంచి కొయింబ్రా నగరంలోనే స్థిరపడిన విశ్వవిద్యాలయంలో సాహిత్య విభాగం వాళ్లు విదేశీయుల కోసమే ఏడాది పొడవునా భాష, సంస్కృతుల కోర్సు నడుపుతారు. లిస్బన్ విశ్వవిద్యాలయంలోనూ ఇలాంటి కోర్సు ఉంది. ముందుగా మీ స్థాయి చూసి ఎ1 (మొదటి మెట్టు), ఎ2, బి1 అంటూ తగిన తరగతిలో కూర్చోబెడతారు. పక్క బెంచీవాళ్లూ విదేశీయులే కాబట్టి తప్పు మాట్లాడటానికి సిగ్గుపడాల్సిన పని ఉండదు.

బ్రెజిల్‌లోనూ పోర్తు అలెగ్రిలోని ఫెడరల్ యూనివర్సిటీ, కంపీనాస్‌లోని రాష్ట్ర యూనివర్సిటీ లాంటి మంచి చోట్లు ఉన్నాయి. అయితే చాలాచోట్ల ఈ తరగతులు వేరే డిగ్రీకో పరిశోధనకో వచ్చినవారికి తోడుగా నడుస్తాయి. వారానికి నాలుగైదు గంటలే ఉంటే, మిగతా రోజంతా మీరు ఎవరితో మాట్లాడతారన్నదే మీ చదువు. ఒక్క ముక్క రాని మనిషికి అది కష్టం. కాస్త మాట్లాడగలిగినవారికి మాత్రం అంతకంటే మంచి బడి దొరకదు. 20 కోట్లు దాటిన జనం మాట్లాడే భాష అది, పోర్చుగల్ జనాభా కోటి చిల్లర.

ఫీజు సంగతిలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదువు ఉచితమని బ్రెజిల్ 1988 రాజ్యాంగంలోనే ఉంది, కాబట్టి భాష కోర్సు కూడా ఉచితమేనని అనుకుంటారు. ఉచితం అనేది డిగ్రీ, పీజీ చదువులకు. విదేశీయుల భాషా తరగతులకు విడిగా ఫీజు తీసుకునే చోట్లు ఉన్నాయి.

సర్టిఫికెట్ల దగ్గర తేడా ఇంకా పెద్దది. పోర్చుగల్ పరీక్షలు లిస్బన్ విశ్వవిద్యాలయంలోని కాప్లె అనే కేంద్రానివి. ఎ1 నుంచి సి2 దాకా ఆరు స్థాయిలకు ఆరు వేర్వేరు పరీక్షలు. ఏ మెట్టు రాయాలో మీరే ఎంచుకోవచ్చు. ఎ2 మెట్టు పరీక్ష పేరు సిప్లె. అక్కడి పౌరసత్వానికి భాష వచ్చని చూపించడానికి చాలామంది రాసేది దాన్నే. బ్రెజిల్ పరీక్ష సెల్ప్-బ్రాస్. అందరికీ ఒకటే పేపరు, మార్కులను బట్టి నాలుగు స్థాయిల్లో ఒకటి ఇస్తారు. అన్నిటికంటే కింది స్థాయే ‘మధ్యమం’. అక్కడికి అందకపోతే చేతికి ఏ కాగితమూ రాదు. ఆరు నెలల చదువుతో దానికి కూర్చోవడం డబ్బు దండగ.

ఆ పేపరు తీరు కూడా మన పిల్లలకు కొత్త. రాత భాగం మూడు గంటలు, నాలుగు పనులు: ఒక వీడియో చూసి, ఒక ఆడియో విని, రెండు పాఠాలు చదివి, ప్రతిదానికీ ఏదో ఒకటి రాయాలి. ఆ తర్వాత 20 నిమిషాల ముఖాముఖి. ఖాళీలు పూరించడం, విభక్తులు గుర్తించడం లాంటివి ఉండవు. సంపాదకుడికి లేఖ రాయమంటే వ్యాసం రాసి వస్తే, వ్యాకరణం ఎంత శుభ్రంగా ఉన్నా మార్కులు పడిపోతాయి. ఎవరికి రాస్తున్నాం, ఎందుకు రాస్తున్నాం అన్నది ముందు చూస్తారు. బట్టీ పట్టే అలవాటు ఇక్కడ అక్కరకు రాదు.

ఇక కాగితాలు. మనవాళ్లకు ఎక్కువగా దెబ్బ తగిలేది ఇంటిపేరు దగ్గర. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, డిగ్రీలో ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో ఇంకో వరుసలో ఉంటుంది. ముందు పాస్‌పోర్టులో ఉన్నదే ప్రమాణంగా పెట్టుకుని మిగతావి సరిచేయించుకోండి. దరఖాస్తులో ‘అపెలిదు’ అనే గడి కనబడితే పోర్చుగల్‌లో దానర్థం ఇంటిపేరు. అదే మాటకు బ్రెజిల్‌లో ముద్దుపేరు అని అర్థం, అక్కడ ఇంటిపేరు ‘సోబ్రెనోమి’.

డిగ్రీ పట్టా మీద మొదట రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర వేయించాలి. రెండు దేశాలూ ఈ ముద్రను ఒప్పుకుంటాయి. బ్రెజిల్‌లో ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రమాణ అనువాదకుడి చేత పోర్చుగీసులోకి మార్పించిన ప్రతి కూడా అడుగుతారు. అనువాదం ముద్ర పడ్డాకే చేయించాలి. ముందే చేయిస్తే ఆ ముద్ర అనువాదంలో ఉండదు, మళ్లీ ఖర్చు.

మన యూనివర్సిటీల ఫలితాలు వచ్చి, ఒరిజినల్ పట్టా చేతికందేసరికి సెప్టెంబరులో మొదలయ్యే పోర్చుగల్ సెమిస్టర్ దాటిపోతుంది. పరుగులు పెట్టకుండా ఫిబ్రవరి సెమిస్టర్‌కు గురిపెట్టడం మేలు. బ్రెజిల్‌లో చదువులు మార్చి ప్రాంతంలోనూ ఆగస్టులోనూ మొదలవుతాయి, మనకు మార్చి అనువు. పోర్చుగల్‌లో మూడు నెలలు దాటే కోర్సుకు షెంగెన్ టూరిస్టు వీసా పనికిరాదు, చదువు కోసం ఇచ్చే జాతీయ వీసా కావాలి. బ్రెజిల్‌కు విద్యార్థి వీసాతో వెళ్లినవారు దిగిన 90 రోజుల్లోగా ఫెడరల్ పోలీసుల దగ్గర నమోదు చేసుకోవాలి.

తిండికి రెండు చోట్లా భయం లేదు. బ్రెజిల్ యూనివర్సిటీ క్యాంటీన్లలో రోజూ అన్నం, చిక్కుడు గింజల పులుసు పెడతారు. పోర్చుగల్‌లో 2017 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ క్యాంటీన్లలో శాకాహార భోజనం ఒకటి ఉండి తీరాలి.

ఎక్కడికి వెళ్లినా నోరు తిప్పాల్సిన ధ్వనులు కొన్ని ఉన్నాయి. రొట్టెను ‘పాఁవు’ అనాలి, పావ్ భాజీలో పావ్ ఇదే. అరసున్న పలక్కపోతే రొట్టె అడగబోయి కట్టె అడిగినట్టవుతుంది. మన బొత్తాం కూడా వాళ్ల ‘బుతాఁవు’ నుంచి వచ్చిందే, చివరి సున్నలో ఆ ముక్కుపలుకు మిగిలిపోయింది. దీనికంటే కష్టం ‘ఓ’ దగ్గర. మనకు ఒ, ఓ తేడా నిడివిలో ఉంటుంది, వాళ్లకు నోరు తెరవడంలో ఉంటుంది. ‘అవో’ అనే మాటలో చివరి ‘వో’ను పెదాలు గుండ్రంగా ముడిచి పలికితే తాత. అదే ‘వో’ను ‘వా’ వైపుకు నోరు తెరిచి పలికితే అవ్వ. సీమలో అవ్వను పిలిచే నోటికి ఇది గుర్తుండిపోతుంది.

మొదటి ఏడాది రెండు దేశాల మాటలూ కలపొద్దు. బస్సు పోర్చుగల్‌లో ‘అవుతుకార్రు’, బ్రెజిల్‌లో ‘ఓనిబుస్’. బ్రెజిల్‌లో ‘ఫాతు’ అంటే వాస్తవం, పోర్చుగల్‌లో సూటు.

డబ్బు కట్టేముందు గోవాను కూడా చూడండి. 1961 దాకా పోర్చుగీసు పాలనలో ఉన్న ఆ చోట, గోవా యూనివర్సిటీలో పోర్చుగీసులో పీజీ ఉంది, పణజీలో పోర్చుగల్ ప్రభుత్వ భాషా సంస్థ కమోయిష్ కేంద్రం ఉంది. ఎ2 దాకా అక్కడ నేర్చుకుని కొయింబ్రాకు వెళితే నేరుగా బి1 తరగతిలో కూర్చోవచ్చు. అదే ఖర్చుతో ఒక మెట్టు పైకి చేరతారు. బి1 అయ్యాక, బ్రెజిల్ కంపెనీలతో పని, అనువాదం, అక్కడే పీజీ లాంటి ఆలోచన ఉన్నవారికి బ్రెజిలే మేలు, అందులో సందేహం లేదు.

ఏ యూనివర్సిటీకి రాసినా నాలుగు ప్రశ్నలు అడగండి: సున్నా స్థాయివాళ్లను ఈ సెమిస్టర్‌లో తీసుకుంటారా, వారానికి తరగతి గంటలు ఎన్ని, ప్రవేశ పత్రంలో కోర్సు మొదలు, ముగింపు తేదీలు వేస్తారా, వీసా రాకపోతే ఫీజు ఎంత వెనక్కిస్తారు. నాలుగోదానికి జవాబు రాతలో వచ్చేదాకా డబ్బు పంపొద్దు.