క్వీర్ మనిషికి ఏ థెరపిస్ట్ మేలు: అందరినీ ఒకేలా చూసేవారా, ఆడించి మాట్లాడించేవారా?

నేను గే. గే, లెస్బియన్, ట్రాన్స్ వంటివాళ్లందరినీ కలిపి క్వీర్ అంటారు. ఇద్దరు థెరపిస్టుల దగ్గర కూర్చున్నాను. మొదటావిడ నెమ్మదస్తురాలు. "నాకు అందరూ ఒకటే, ఎవరినీ వేరుగా చూడను" అని తొలిరోజే చెప్పారు. రెండో ఆయన ఏమీ అడగకముందే కాగితం మీద ఒక వంకర గీత గీసి, పెన్ను నా చేతికిచ్చి, "దీన్ని మీకు నచ్చినట్టు మార్చండి" అన్నారు. ఇద్దరూ బాగా చదువుకున్నవాళ్లే, ఇద్దరూ నా మంచి కోరినవాళ్లే. అయినా మొదటావిడ దగ్గర మూడు నెలలు గడిచినా నా మనసు విప్పలేకపోయాను.

"అందరూ ఒకటే" అన్న మాట వినడానికి బాగుంటుంది. సెషన్‌లో అది ఎలా ఉంటుందో చెబుతాను. నిద్ర పట్టడం లేదని వెళ్లాను. ఊపిరి మీద ధ్యాస పెట్టడం, పడుకునే ముందు ఫోన్ దూరంగా ఉంచడం నేర్పారు. అవి పనికొచ్చేవే. కానీ నా పార్ట్‌నర్ మాట రాగానే "ఆ అమ్మాయి ఏమంటోంది?" అన్నారు. అమ్మాయి కాదు, అబ్బాయి అన్నాను. "ఇలా ఎప్పటి నుంచి?" అని అడిగారు, జ్వరం ఎప్పుడు మొదలైందని అడిగినట్టు. ఆ గంటలో సగం ఆవిడకు నా గురించి పాఠం చెప్పడానికే సరిపోయింది.

రెండో ఆయన అదే నిద్ర గోల విని, "పగలంతా ఎవరెవరి దగ్గర ఏమేం దాచాల్సి వస్తోంది?" అన్నారు. లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆఫీసులో, ఇంటికి ఫోన్ చేసినప్పుడు, ఇంటి ఓనర్ దగ్గర. పగలంతా కాపలా కాసిన మనసు రాత్రికి డ్యూటీ దిగడం మరిచిపోయింది, అంతే. దీన్ని మైనారిటీ స్ట్రెస్ అంటారు. ఇలాన్ మేయర్ అనే పరిశోధకుడు 2003లో దీన్ని వివరంగా రాశారు: బయట ఎదురయ్యే వివక్ష ఒకటి, అది ఎప్పుడు ఎదురవుతుందో అన్న భయం ఇంకొకటి, దాచుకునే శ్రమ, చివరికి లోకం చీదరింపు మన లోపలికే దిగిపోవడం. ఇది తెలిసిన థెరపిస్ట్ నన్ను సరిచేయాలని చూడరు, నా మీద పడిన బరువెంతో చూస్తారు. క్వీర్ అఫర్మేటివ్ అంటే నాకు అర్థమైంది ఇదే.

మామూలు తటస్థత ఎందుకు చాలదంటారా? ఈ వృత్తి చరిత్రే తటస్థంగా లేదు కాబట్టి. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ స్వలింగ ప్రేమను జబ్బుల జాబితాలోంచి తీసేసింది 1973లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పని చేసింది 1990లో. ట్రాన్స్ వ్యక్తుల విషయాన్ని మానసిక రోగాల అధ్యాయం నుంచి బయటికి తెచ్చిన ఐసీడీ-11, అంటే ఆ సంస్థ కొత్త జబ్బుల జాబితా, అమల్లోకి వచ్చింది 2022లో. ఎవలిన్ హుకర్ అనే సైకాలజిస్ట్ 1957లోనే 30 మంది గే పురుషుల, 30 మంది ఇతర పురుషుల పరీక్ష ఫలితాలను నిపుణుల ముందు పెడితే, ఏవి ఎవరివో వాళ్లు చెప్పలేకపోయారు. అయినా జాబితా మారడానికి ఇంకో 16 ఏళ్లు పట్టింది. ఇంత జరిగాక ఎదుటి కుర్చీలో కూర్చున్నవారు ఏ పక్కా లేను అంటే, నా భయం ఎలా తీరుతుంది? మీ పక్కన ఉన్నాను అని వాళ్ల నోటితో చెప్పాలి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఆట సంగతి అలా కాదు, అందులో బేరీజు వేసుకోవాల్సింది చాలా ఉంది.

ఆ వంకర గీత ఆయన సొంత ఆలోచన కాదు. డొనాల్డ్ వినికాట్ అనే పిల్లల డాక్టర్, సైకోఎనలిస్ట్ పిల్లలతో ఆడిన ఆట అది: ఒకరు గీత గీస్తే ఇంకొకరు దాన్ని బొమ్మ చేస్తారు. మా థెరపిస్ట్ కూడా ముందు పిల్లలతో ప్లే థెరపీ చేసి, తర్వాత పెద్దవాళ్ల కౌన్సెలింగ్‌లోకి వచ్చినవారు. ఆ రోజు నేను గీతను తలుపు చేశాను. "లోపలికి తెరుచుకుంటుందా, బయటికా?" అన్నారు. నేను అరగంట మాట్లాడాను.

ఇంకోసారి మా నాన్నకు చెప్పే మాటలు ప్రాక్టీస్ చేయాలనుకున్నాను. థెరపిస్ట్ పాత్రలు మార్చేశారు. నన్ను నాన్నను చేశారు, ఆయన నేనయ్యారు. సమస్యను నాటకంలా ఆడి చూసే సైకోడ్రామాలో ఇది పాత పద్ధతే, దాన్ని మొదలుపెట్టిన జేకబ్ మొరెనో కాలం నుంచి ఉంది. "నాన్నా, నేను గే" అని ఆయన అనగానే, తిట్టడానికి సిద్ధంగా ఉన్న నా నోట్లోంచి "నీకు ఎవరైనా ఏదైనా చేస్తారేమోరా" అన్న మాట వచ్చింది. నాన్న కోపం కింద ఉన్న భయం నాకు ముందే తెలుసన్నమాట. సీరియస్‌గా ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నప్పుడు ఒక్కసారి కూడా అది బయటపడలేదు.

1972లో జాన్ ఫ్రయర్ అనే సైకియాట్రిస్ట్ డాలస్‌లో తన వృత్తివాళ్ల సభలో మాస్కు, విగ్గు పెట్టుకుని, గొంతు మార్చే మైకు ముందు నిలబడి, తాను గే అని చెప్పారు. ఆ వేషం ఆట కోసం వేసింది కాదు, ఉద్యోగం పోతుందన్న భయంతో వేసింది. కానీ మాస్కు వెనక నుంచి నిజం చెప్పడం సులువని నేను నమ్ముతాను. థెరపీలో ఆట కూడా ఆ పనే చేస్తుంది, కాకపోతే భయం లేకుండా.

అయితే సరదా మనిషి అయితే చాలనుకోకండి. మనలో చాలామంది చిన్నప్పటి నుంచి దెబ్బను జోకు చేసి తప్పించుకున్నవాళ్లమే. ఆ జోకుకు మనతో పాటు నవ్వేసి ఊరుకునే థెరపిస్ట్ తెలియకుండానే మనల్ని దాక్కోనిస్తారు. మా థెరపిస్ట్ నవ్వేవారు, నవ్వాక ఆగేవారు. "ఇప్పుడు నవ్వింది నొప్పిగా ఉందనా?" అని అడిగేవారు. నా స్నేహితుడు చనిపోయిన నెలలో ఒక్క ఆట కూడా తీయలేదు, పక్కన కూర్చుని విన్నారు. కొత్త దుఃఖంలో, ఇంట్లో హింస జరుగుతున్నప్పుడు, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నప్పుడు నిదానంగా, సూటిగా మాట్లాడేవారే మేలు. అలాంటి ఆలోచనలుంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అత్యవసర సాయం తీసుకోవాలి.

రెండూ ఉన్నవారు దొరక్కపోతే? ఆట తెలియని అఫర్మేటివ్ థెరపిస్ట్‌ను ఎంచుకోండి. అంగీకారం లేనివారి చేతిలో ఆట వెక్కిరింతలా తగులుతుంది.

థెరపిస్ట్ కూడా క్వీర్ అయి ఉండాలా అని చాలామంది అడుగుతారు. నా రెండో థెరపిస్ట్ గే, అది కూడా నేను అడిగితేనే చెప్పారు. పదాలకు అర్థాలు చెప్పే పని తప్పింది, నిజమే. కానీ తన కథే నా కథ అనుకునే ప్రమాదం కూడా అక్కడే ఉంటుంది. పైగా చిన్న సర్కిల్‌లో అందరికీ అందరూ తెలుసు. శిక్షణ తీసుకుని, సూపర్‌విజన్‌లో, అంటే అనుభవజ్ఞుల పర్యవేక్షణలో, పనిచేసే స్ట్రెయిట్ (క్వీర్ కాని) థెరపిస్ట్ కూడా అంతే బాగా చేయగలరు.

మొదటి ఫోన్‌లోనే అడగండి: క్వీర్ క్లయింట్లతో ఎంతకాలంగా పనిచేస్తున్నారు, ఏ శిక్షణ తీసుకున్నారు, ఎవరైనా "నా స్వలింగ ఆకర్షణను మార్చండి" అని వస్తే ఏమంటారు అని. మార్చవచ్చని 2003లో అధ్యయనం ప్రచురించిన సైకియాట్రిస్ట్ రాబర్ట్ స్పిట్జరే 2012లో అది తప్పని క్షమాపణ చెప్పారు. ఆ చివరి ప్రశ్నకు జవాబు తడబడితే, అపాయింట్‌మెంట్ తీసుకోకుండా ఫోన్ పెట్టేయండి.