సెకండ్ లైఫా, మైన్‌క్రాఫ్టా: కట్టబోయే చోటును ముందే చూపడానికి ఏది మేలు?

కట్టడం లేవకముందే దాన్ని వాడబోయేవారి మాట వినడానికి ఆన్‌లైన్ లోకాలను ఉపయోగించిన ప్రయత్నాల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడవచ్చు. 2006లో స్టార్‌వుడ్ సంస్థ తన కొత్త అలాఫ్ట్ హోటల్ నమూనాను సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ లోకంలో నిర్మించి, అందరూ తిరిగి చూసేందుకు తెరిచింది. అసలు హోటళ్లు 2008లో మొదలయ్యాయి. 2012లో ఐక్యరాజ్యసమితి ఆవాస సంస్థ, దిమ్మెలు పేర్చి కట్టే మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆటను రూపొందించిన మొజాంగ్ సంస్థతో కలిసి 'బ్లాక్ బై బ్లాక్' అనే కార్యక్రమాన్ని ప్రారంభించింది. నైరోబీలోని కిబేరా బస్తీలో మైదానం బాగుచేయడం దాని తొలి పనుల్లో ఒకటి.

కొలతల విషయంలో సెకండ్ లైఫ్‌ను నమ్మడం కష్టం. అక్కడ చూసేవారి కన్ను (అంటే కెమెరా) మామూలుగా అవతారం, అంటే వారి తరఫున తిరిగే బొమ్మ, తలలో కాక, దాని వెనుక కొంత ఎత్తున ఉంటుంది కనుక, నిజమైన కొలతలతో గది కడితే ఆ కన్ను గోడకో కప్పుకో తగులుతుంది. అందుకే అక్కడ కట్టేవారు తలుపులను, గదులను, కప్పు ఎత్తును బాగా పెంచుతారు. అలాంటి గదిలో తిరిగి "విశాలంగా ఉంది" అని ఎవరైనా మెచ్చుకుంటే, ఆ మెప్పు రేపు కట్టబోయే గదికి వర్తించదు. అయితే సామాను అమరిక ఎలా ఉంది, మనుషులు ఎక్కడ గుమిగూడుతున్నారు, ఏ మూలకు ఎవరూ పోవడం లేదు అన్నవి గమనించడానికి అది పనికొస్తుంది.

మైన్‌క్రాఫ్ట్ మరీ మొరటుది. ఒక్కో దిమ్మె మీటరు ఘనం కాబట్టి, తొమ్మిదంగుళాల ఇటుక గోడను దిమ్మెలతో చూపడం కుదరదు. నా దృష్టిలో దాని బలమూ అక్కడే ఉంది: టైల్స్ రంగు గురించి వాదించే వీలు లేకపోవడంతో, దారి ఎటు పోవాలి, దీపం ఎక్కడ ఉండాలి, మరుగుదొడ్డి ఎవరికి దగ్గర కావాలి అన్న ప్రశ్నలే మిగులుతాయి. పైగా సెకండ్ లైఫ్‌లోకి వచ్చి చూసినవారు రేపటి అతిథులే అన్న పూచీ లేదు. 'బ్లాక్ బై బ్లాక్'లో మాత్రం ఆ చోట బతికేవారినే పిలిచి, కూర్చోబెట్టి, నేర్పించి కట్టిస్తారు. హైతీలోని లె కాయ్‌లో కంప్యూటర్ అలవాటు లేని మత్స్యకారులు సైతం తీరం ఎలా ఉండాలో ఈ పద్ధతిలోనే చూపించారు.

కనుక పార్కు, బజారు, తీరం వంటి ఉమ్మడి స్థలాలకు మైన్‌క్రాఫ్ట్‌నే ఎంచుకుంటాను. ఇంటి గదుల కొలతలకు మాత్రం రెండింటి కంటే నేల మీద ముగ్గు పోసి చూడటమే మేలు. దానికీ ఒక దోషం ఉంది: ఖాళీ స్థలంలో ముగ్గు గీతల మధ్య నిలబడితే పన్నెండడుగుల గది కూడా ఇరుకుగానే తోస్తుంది, గోడలు లేచాక ఆ భావన పోతుంది. ఆలోపు ముగ్గులోనే మంచాన్ని, బీరువాను వేసి చూసుకోవచ్చు.