డిటాక్స్ జ్యూసా, మంచినీళ్లా?

లివర్‌ను, కిడ్నీలను కడిగేస్తాయంటూ అమ్మే పచ్చరసాలు ఒకవైపు, మామూలు మంచినీళ్లు ఇంకోవైపు. నన్నడిగితే ఇది పోటీయే కాదు. కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. వాటిని కడగడానికి ఇంకెవరూ రానక్కర్లేదు.

జ్యూస్ సంగతి కొంచెం వివరంగా చూడాలి. పాలకూర, బీట్‌రూట్, రెండు యాపిల్స్ మిక్సీలో వేసి వడకడితే పీచంతా పిప్పిలో పోతుంది, చక్కెర గ్లాసులోకి దిగుతుంది. అందులోని ఫ్రక్టోజ్ (పండ్లలో ఉండే చక్కెర) భారం ఎక్కువగా లివర్ మీదే పడుతుంది. మోతాదు మించితే అది కొవ్వుగా మారుతుంది. పైగా పాలకూర, బీట్‌రూట్‌లలో ఆక్సలేట్ అనే పదార్థం ఎక్కువ. కాల్షియంతో కలిసి కిడ్నీల్లో రాళ్లు కట్టేది ఇదే. ఇలాంటి రసాలు అదేపనిగా తాగి కిడ్నీలు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి కూడా. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకైతే రక్తంలో పొటాషియం పెరిగిపోతుందన్న టెన్షన్ ఒకటి అదనం. అదే పాలకూరను ఉడికించి, ఆ నీళ్లు వంపేసి తింటే ఆక్సలేట్ బాగా తగ్గుతుంది, పీచూ దక్కుతుంది.

నీళ్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరిపడా తాగుతున్నట్టే. ఒకసారి రాళ్లు వచ్చినవాళ్లు మాత్రం రోజుకు కనీసం 2.5 లీటర్ల మూత్రం వచ్చేలా తాగాలంటారు డాక్టర్లు. గుండె వైఫల్యం, డయాలసిస్ ఉన్నవాళ్లు డాక్టర్ చెప్పిన కొలత దాటకూడదు.

నీళ్లు చప్పగా ఉన్నాయనిపిస్తే, చక్కెర లేని కాఫీ నయం. కాఫీ తాగేవాళ్లలో సిర్రోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడే జబ్బు) తక్కువగా ఉన్నట్టు చాలా అధ్యయనాల్లో కనిపించింది.