లాటరీనా, ఎంట్రన్సా, క్యూనా? పిల్లకాయల సీటుకి ఏది మేలు

ఎండలు మొదలైతే చాలు నెల్లూరు, కావలి, ఒంగోలు యాడ చూసినా ఇదే మాట, మీ వాడికి సీటొచ్చిందా అని. నా లెక్క ముందే చెప్తా: ఒకటో క్లాసుకి లాటరీనే మేలు, ఆరో క్లాసుకి ఎంట్రన్స్ పర్లేదు, ముందొచ్చినోళ్లకే సీటు అనే పద్ధతి మాత్రం ఎక్కడా వద్దు.

ఐదారేళ్ల బిడ్డకి పరీక్ష ఏంది అసలు, ఆ ఇంటర్వ్యూ నిజానికి అమ్మానాన్నలకి, నాయన ఏం చేస్తాడు, అమ్మకి ఇంగ్లీషొచ్చా, ఇంట్లో ట్యూషన్ చెప్పేవాళ్లున్నారా అని. ఇట్టాంటి వడపోత కుదరదని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది, ఎంతమంది పాటిస్తన్నారో మనకి తెలిసిందే. అదే చట్టం కింద ప్రైవేట్ స్కూళ్లలో 25 శాతం సీట్లు పేద పిల్లలకి ఇయ్యాల, మన రాష్ట్రంలో అది 2022-23లో గానీ మొదలు కాలా. దాంట్లో లాటరీ తీసేది కంప్యూటర్ కాబట్టి కరస్పాండెంట్ బామ్మర్ది మనకి తెలిసినా ఒకటే, తెలియకపోయినా ఒకటే. కేంద్రీయ విద్యాలయాల్లో కూడా 2022లో ఎంపీ కోటా తీసేశాక లెటర్ల కోసం తిరిగే పని తగ్గింది.

ఇంకోటి, నాకు ఇదే పెద్దది. లాటరీలో పేరు రాకపోతే వాడికి తెలివి లేదని ఎవురూ అనరు. ఎంట్రన్స్ పోతే మాత్రం పదేళ్ల పిల్లోడు ఊరంతటికీ జవాబు చెప్పుకోవాల.

కానీ లాటరీ అంటే అందరూ ఒకటే అనుకుంటే తప్పు. డబ్బాలో చీటీలు పడకముందే సగం కథ అయిపోద్ది. కేంద్రీయ విద్యాలయంలో 25 శాతం విద్యాహక్కు సీట్లు పోను మిగతావాటికి ముందు కేంద్ర ఉద్యోగుల పిల్లలు, బట్టల కొట్లో పనిచేసే మనలాంటోళ్లు ఆఖరి కేటగిరీ. ప్రైవేట్ స్కూళ్లలో ఇచ్చే ఆ 25 శాతం లోపలే, మొత్తం సీట్లలో 4 శాతం ఎస్టీలకి ఉంది, మన నెల్లూరు జిల్లాలో ఎస్టీలంటే ఎక్కువ మంది యానాదులే, వాళ్లలో చానా ఇళ్లల్లో బిడ్డకి బర్త్ సర్టిఫికెట్ ఉండదు, ఆధార్‌లో పేరు ఒకటి రేషన్ కార్డులో ఇంకోటి, ఫోన్‌కొచ్చే ఓటీపీ ఎవురు చెప్పాల? చెరువు కాడ కాపలా ఉండే మనిషి సచివాలయం చుట్టూ తిరిగేలోపల డేటు అయిపోద్ది. అప్లికేషనే పడనోడికి లాటరీ ఎంత న్యాయంగా తీస్తే ఏం లాభం. సీటొచ్చినాక కూడా బుక్కులు, యూనిఫాం, వ్యాన్ అని కొన్ని స్కూళ్లు గిల్లతానే ఉంటాయి.

ఇక ఎంట్రన్స్. నవోదయ తీసుకోండి, ఆరో క్లాసు సీటుకి అయిదో క్లాసు చదివేటప్పుడు రాయాల, రెండు గంటల్లో 80 ప్రశ్నలు, 100 మార్కులు, ఒక్కసారే ఛాన్స్. సీట్లలో 75 శాతమన్నా పల్లెటూరి పిల్లలకే కాబట్టి కందుకూరు పక్క పల్లెలో చదివే పిల్లకి ఇది నిజంగా దారే, లాటరీలో కష్టపడి చదివినదానికి విలువ లేదు, ఇక్కడ ఉంది. మరి కోచింగోళ్లు ఊరుకుంటారా, నాలుగో క్లాసు నుంచే మెంటల్ ఎబిలిటీ బొమ్మలు రుద్దిస్తా ఉండారు, ఓఎంఆర్ షీట్‌లో గుండ్రాలు పెన్నుతో దిద్దే ప్రాక్టీసుకి కూడా ఫీజే. గవర్నమెంట్ బడి పిల్ల ఆ షీట్‌ని మొదటిసారి చూసేది పరీక్ష హాల్లోనే. బడిలోనే సార్లు నాలుగు మోడల్ పేపర్లు రాయిస్తే ఆ తేడా చానా తగ్గిద్ది, అట్టా చేసే సార్లు లేకపోలేదు.

క్యూ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. తెల్లారుజామునే గేటు కాడ నిలబడాలంటే ఆ రోజు కూలి పోగొట్టుకోవాల, లేదా నిలబడను ఇంకో మనిషుండాల. పైగా టోకెన్లు లోపలి నుంచి ఎన్ని పోయినాయో చూసినోడెవడు?

లాటరీ పెట్టే స్కూళ్లని నేనడిగేది ఒకటే, ఎన్ని అప్లికేషన్లొచ్చినాయి, ఏ కేటగిరీలో ఎన్ని సీట్లు, వెయిటింగ్ లిస్టులో ఎవురి నంబరెంత, ఇవి గేటు మీద అంటించండి. వెబ్‌సైట్‌లో ఉంది చూసుకోండి అంటే కుదరదు, గేటు మీదే.