పైగాలి వేడెక్కిందన్న వార్తా, వారం రోజుల అంచనానా?

ఉత్తర ధ్రువం పైన, సుమారు 30 కిలోమీటర్ల ఎత్తున, కొద్ది రోజుల్లోనే ఉష్ణోగ్రత 50 డిగ్రీల దాకా పెరగవచ్చు. అప్పుడు అక్కడి పడమటి గాలులు తిరగబడి తూర్పు నుంచి వీస్తాయి; ఆ తర్వాత ధ్రువపు చలి యూరప్ వైపు దిగే అవకాశం పెరుగుతుంది. ఆ కబురు వినగానే యూరప్‌వాళ్లు చలికి సిద్ధపడాలా, వారం రోజుల వాతావరణ అంచనా కోసం ఆగాలా?

గడువు: పైగాలి కబురుతో రెండు మూడు వారాలు, అంచనాతో కొద్ది రోజులే.

నమ్మకం: అసలు చిక్కు ఇదే. 2018 ఫిబ్రవరిలో ధ్రువ సుడి (ధ్రువం చుట్టూ తిరిగే ఆ పైగాలుల వలయం) చీలింది, నెలాఖరుకు యూరప్ గడ్డకట్టింది. 2019 జనవరిలోనూ చీలింది. కానీ ఆ ఫిబ్రవరిలో లండన్‌లో ఏకంగా 21 డిగ్రీలు దాటింది! ఏ ఊరికి, ఏ రోజు అన్నది అంచనాయే చెప్పగలదు.

గ్యాస్, కరెంటు నిల్వలు చూసేవారు కబురు రాగానే కదలాలి. ప్రయాణమో పెళ్లో వాయిదా వేయాలంటే మాత్రం అంచనా వచ్చేదాకా ఆగడమే నయం.