పర్డ్యూ ఔల్ ‘నెరేటివ్ ఎస్సే’ పేజీ క్లాసులో ఎంతవరకు పనికొస్తుంది?

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ యూనివర్సిటీ నడిపే ఆన్‌లైన్ రైటింగ్ ల్యాబ్‌ను టీచర్లంతా ‘ఔల్’ అంటారు. హైస్కూల్ పిల్లలకు కథన వ్యాసం (ఒక అనుభవాన్ని కథలా చెప్పే వ్యాసం) నేర్పించడానికి అందులోని ‘నెరేటివ్ ఎస్సే’ పేజీ నమ్మకమైనది. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు, ఐదు నిమిషాల్లో చదివేయొచ్చు.

కథలా రాస్తే పరిచయం, కథాంశం, పాత్రలు, నేపథ్యం, క్లైమాక్స్, ముగింపు ఉండాలంటుంది. బాగుంది. కానీ దేనికెంత చోటివ్వాలో చెప్పదు. పిల్లలు దెబ్బతినేది అక్కడే. 500 పదాల్లో 300 పొద్దున లేవడం, పళ్లు తోముకోవడం, కారెక్కడంతోనే అయిపోతాయి. అసలు ఘట్టానికి రెండు వాక్యాలు మిగులుతాయి. జరిగిన వరుసే నిర్మాణమనుకోవడం వల్ల వచ్చే తిప్పలిది.

కాబట్టి పేజీతో పాటు కొలతలు కూడా రాసివ్వండి: ప్రారంభం 60 పదాలు, మనుషులూ చోటూ 80, చిక్కు ముదరడం 150, క్లైమాక్స్ 140, ఆ తర్వాత 70. అమెరికా కాలేజీలకు దరఖాస్తు చేసుకునే కామన్ యాప్‌లో వ్యాసానికి 650 పదాల పరిమితి ఉంది. అదే లెక్కన క్లైమాక్స్‌కు 180 దాకా వస్తాయి.

రాయించడం మాత్రం క్లైమాక్స్‌తోనే మొదలుపెట్టించండి. ఎయిర్‌పోర్టులో అమ్మమ్మ తెచ్చిన ఆవకాయ సీసాను అధికారి పక్కన పెట్టించాడనుకుందాం. “చాలా బాధేసింది” అంటే అది సారాంశం. సీసాకు చుట్టిన పాత చీర ముక్క, దాని మీద నూనె మరక, అమ్మమ్మ ఆ ముక్కను మాత్రం విప్పి, మడతపెట్టి సంచిలో వేసుకోవడం, ఇది దృశ్యం. దృశ్యాన్ని ఒక రంగుతో, సారాంశాన్ని మరో రంగుతో గీయించండి. క్లైమాక్స్‌లో ఏ రంగు ఎక్కువుందో పిల్లలే పట్టేస్తారు.

వ్యాసానికో ఉద్దేశం ఉండాలని ఆ పేజీ ఇచ్చే సలహా సరైనదే. అంతటితో వదిలేస్తే మాత్రం చివర్లో నీతివాక్యం అతికించుకొస్తారు. “అప్పటిదాకా ఏమనుకున్నావు? ఆ తర్వాత ఏమనుకున్నావు?” అని అడిగి, రెండు వాక్యాలు విడిగా రాయించండి. ఆ తేడా తెలిసేలా ఒక్క చిన్న పనిని ముగింపులో చూపించమనండి.

‘ఐ’ వాడొచ్చు, అతిగా వద్దు అని ఆ పేజీ చెప్పే మాట మన పిల్లలకు మరీ అవసరం. తెలుగులో ‘వెళ్లాను’ అంటే చాలు, ‘నేను’ అందులోనే ఉంది. ఇంగ్లీషులో ఆ వీలు లేక ప్రతి వాక్యం ‘ఐ’తోనే లేస్తుంది. వరుసగా మూడు అలా వస్తే, మధ్యదాన్ని వస్తువుతోనో చోటుతోనో మొదలుపెట్టించండి.

పూర్తి నమూనా వ్యాసం ఆ పేజీలో లేదు, అదే పెద్ద లోటు. అందుకే దీన్ని మొదటి రోజే చేతికివ్వకండి. మొదటి చిత్తుప్రతి పూర్తయ్యాక ఇస్తే, క్లైమాక్స్ అన్న మాట చదవగానే తమ కాగితంలో అదెక్కడుందో వెతుక్కుంటారు.